విద్యార్థి సినిమా ప్రచారంలో హారర్ పద్ధతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్సు పనిగా హారర్ షార్ట్ ఫిల్మ్ తీసి, దానికి టీజర్, పోస్టర్, మ్యాగజైన్ కవర్ తయారుచేసి, రిపోర్టు రాసే విద్యార్థులు దాదాపు ఇవే సందేహాలతో మళ్లీ మళ్లీ వస్తుంటారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది. వీటన్నిటి వెనకా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: మీ సినిమాలో దొరికే భయం ఎలాంటిదో ప్రేక్షకుడికి ముందే మాట ఇవ్వడమే ప్రచారం పని.

## కథ ఉంది, ఇంకా ఏమీ తీయలేదు

హారర్ పద్ధతులంటే చీకటి, రక్తం, దెయ్యం... ఇంతేనా?

అవి కంటికి ముందు కనబడేవి మాత్రమే. ఒంటరి ఇల్లు, పొడవాటి వరండా, మూసిన గది లాంటి చోట్లు కూడా హారర్ పద్ధతులే. పాత్ర వెనక నుంచి నెమ్మదిగా దగ్గరయ్యే కెమెరా, ఎవరో దాక్కుని చూస్తున్నట్టుండే షాట్, ఒరిగిన ఫ్రేమ్ కూడా అంతే. శబ్దంలో అయితే తలుపు కిర్రుమనడం, ఊపిరి, అకస్మాత్తుగా వచ్చే నిశ్శబ్దం. వీటన్నిటికన్నా లోతుగా కథ నడకలో ఒక పద్ధతి ఉంటుంది: ఎవరో హెచ్చరిస్తారు, పాత్ర పెడచెవిన పెడుతుంది, ఒంటరిదవుతుంది, నిజం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ప్రచారానికి బాగా పనికొచ్చేది ఈ చివరిదే, విద్యార్థులు తరచుగా వదిలేసేదీ ఇదే. పది భయంకరమైన షాట్లు వరసగా అతికించిన టీజర్ కన్నా, ఒక హెచ్చరికతో మొదలై దాన్ని మీరిన క్షణం దగ్గర ఆగిన టీజర్ ఎక్కువగా గుర్తుంటుంది.

తెలిసినవే వాడితే రొటీన్ అంటున్నారు, వదిలేస్తే హారర్‌లా లేదంటున్నారు. ఏం చేయాలి?

ఈ రెండు మాటలూ నిజమే. జానర్ (సినిమా రకం) అంటే పునరావృతమూ వ్యత్యాసమూ కలిసి ఉండేదని సినిమా సిద్ధాంతకర్త స్టీవ్ నీల్ అన్నది ఇందుకే. గుర్తుపట్టడానికి తెలిసినవి కావాలి, టికెట్ కొనడానికి తెలియనిది ఒకటి కావాలి. నా సలహా ఏమిటంటే, ఎక్కువ పద్ధతులను అలాగే ఉంచి ఒక్కదాన్ని మాత్రం మార్చండి, ఆ మార్పు మీ కథలోంచే రావాలి. ఉదాహరణకు మీ కథలో ప్రమాదమంతా పట్టపగలే జరుగుతుందనుకోండి. అప్పుడు చీకటి తీసేసి తెల్లటి ఎండ పెట్టండి. మిగతావి, అంటే నెమ్మదిగా దగ్గరయ్యే కెమెరా, సన్నటి గుయ్‌మనే శబ్దం, ఖాళీ ఇల్లు, ఇవన్నీ మామూలు హారర్‌లాగే ఉండనివ్వండి. ఒకేసారి నాలుగు మార్చితే ప్రేక్షకుడు అది ఏ రకం సినిమానో తేల్చుకోలేక పక్కకు జరుపుతాడు.

మా కథ ఏ సబ్‌జానరో (హారర్‌లో ఏ ఉపరకమో) మాకే తేలడం లేదు. ఎలా?

చూసేవాళ్లకు ఏం కలగాలో ముందు అనుకోండి. ఉలికిపాటా, గుబులా, జుగుప్సా? వెంటాడే హంతకుడి కథలు ఎక్కువగా ఉలికిపాటు మీద నడుస్తాయి. దెయ్యాల కథలు, మనసు తప్పుతున్న మనిషి కథలు గుబులు మీద నడుస్తాయి. శరీరానికి ఏదో జరుగుతున్న కథల్లో జుగుప్స ఎక్కువ. మూడూ మీ కథలో ఉన్నా ప్రచారంలో ఒక్కదాన్నే ముందు పెట్టండి. పోస్టర్ గుబులు పుట్టించి, టీజర్ రక్తం చిమ్మితే అవి రెండు వేర్వేరు సినిమాలవిగా కనిపిస్తాయి.

దెయ్యాన్ని ప్రచారంలో చూపించేయాలా?

నేనైతే చూపించొద్దనే అంటాను. థియేటర్లో ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే ముఖాన్ని ఫోన్లో ఆపి, పెద్దది చేసి చూడొచ్చు. అక్కడ మేకప్ లోపాలన్నీ దొరికిపోతాయి. పోస్టర్ మీదైతే అది కదలకుండా నిలబడి ఉంటుంది, కాసేపటికి అలవాటైపోతుంది. దాని బదులు దెయ్యం వచ్చి వెళ్లిన గుర్తులు చూపించండి: లోపలి నుంచి గీతలు పడ్డ తలుపు, ఒక్కరే ఉన్న గదిలో రెండు నీడలు, అందరూ నవ్వుతున్న గ్రూప్ ఫొటోలో ఒక్కరు మాత్రం వెనక్కి తిరిగి ఉండటం. ఆ రూపాన్నే మీరు చాలా శ్రద్ధగా తయారుచేసి ఉంటే ఒక భాగం చాలు. ఒక చెయ్యి, జుట్టు, గాజు వెనక మసక ఆకారం.

బాధితురాలిగా అమ్మాయినే పెట్టాలా?

అవసరం లేదు. చాలా హారర్ సినిమాలు అలా చేశాయి కాబట్టి అది పద్ధతిలా కనబడుతుంది. స్లాషర్ (వెంటాడే హంతకుడి) సినిమాల్లో అందరూ పోగా చివరికి మిగిలి హంతకుడిని ఎదుర్కొనే అమ్మాయిని కారల్ క్లోవర్ అనే పరిశోధకురాలు 1987లో ‘ఫైనల్ గర్ల్’ అని పిలిచారు. ఆ పాత్ర బాధితురాలూ అవుతుంది, ఎదురు తిరిగే మనిషీ అవుతుంది. మీ పోస్టర్‌లో అమ్మాయి ఉంటే ఆమె చూపు ఎటు ఉందో గమనించండి. అరుస్తున్న నోరు ఒక కథ చెబుతుంది, మనవైపు సూటిగా చూసే కళ్లు ఇంకో కథ చెబుతాయి. అమ్మాయి శరీరాన్ని ఎర చేసి హారర్‌ను అమ్మడం పాత అలవాటు. దాన్ని వదిలేసినా మీ ప్రచారానికి నష్టమేమీ లేదు.

మాది హారర్ కాదు, థ్రిల్లర్. ఇవి వాడొచ్చా?

వెలుతురు, శబ్దం, ఫ్రేమింగ్ వాడుకోండి. అతీంద్రియ శక్తి ఉందనిపించే గుర్తులు మాత్రం వద్దు. దెయ్యం కోసం వచ్చినవాడికి దెయ్యం లేకపోతే మీ మంచి థ్రిల్లర్ కూడా మోసంలా అనిపిస్తుంది.

## షూటింగ్

ఫోన్ ఒక్కటే ఉంది, లైట్లు లేవు. హారర్ లుక్ వస్తుందా?

వస్తుంది. హారర్‌కు కావలసింది తక్కువ లైట్లే, అవి ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. ఒకే ఒక్క టేబుల్ ల్యాంప్‌ను ముఖానికి పక్కగా పెట్టండి, సగం ముఖం నీడలోకి పోతుంది. లైటును పాత్ర వెనక, తలుపు అవతల పెడితే ఆకారం మాత్రమే మిగులుతుంది. గడ్డం కింద టార్చ్ పెట్టడం మాత్రం అందరూ ఆటగా చేసేదే కాబట్టి నవ్వు తెప్పిస్తుంది. ఇంకో చిన్న సంగతి: కంట్లో మెరిసే లైటు చుక్క మనిషికి జీవం ఇస్తుంది. ఆ చుక్క పడకుండా లైటు జరిపితే అదే ముఖం శవంలా కనబడుతుంది. మీ కథలో ఎవరి కళ్లలో ఆ చుక్క ఉండాలో, ఎవరి కళ్లలో ఉండకూడదో ముందే అనుకుని తీయండి.

రాత్రి తీసిన షాట్లన్నీ గ్రెయిన్‌తో నిండిపోయాయి. ఏం చేయాలి?

వెలుతురు చాలకపోతే ఫోన్ తనంతట తానే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచేస్తుంది, గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, వచ్చేది అక్కడి నుంచే. కాబట్టి సరిపడా వెలుతురులో, నీడలు బలంగా ఉండేలా తీసి, తర్వాత కలర్ గ్రేడింగ్‌లో, అంటే ఎడిటింగ్‌లో రంగులు, వెలుతురు మార్చే దశలో, చీకటి చేయండి. పగలు తీసి రాత్రిలా చూపించాలంటే ఆకాశం ఫ్రేములో పడనివ్వకండి. ఎండ పాత్ర వెనక నుంచి రావాలి. ఎక్స్‌పోజర్ (ఫ్రేము ఎంత వెలుగ్గా ఉండాలన్న సెట్టింగ్) తగ్గించి లాక్ చేయండి, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ మార్చే సెట్టింగ్) నీలం వైపు జరపండి. ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే పాత్ర కదిలిన ప్రతిసారీ ఫ్రేము వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

సినిమాలో లేని షాట్లు టీజర్ కోసం తీయొచ్చా?

తీయొచ్చు, ఇది పాత పద్ధతే. 1960లో వచ్చిన ‘సైకో’ ట్రైలర్‌లో దర్శకుడు హిచ్‌కాక్ సెట్టంతా తిప్పి చూపిస్తూ ఆరు నిమిషాలకు పైగా మాట్లాడతారు. చివర షవర్‌లో అరిచే నటి కూడా సినిమాలో ఆ సన్నివేశం చేసిన నటి కాదు. సినిమాలోని ముక్కలు కోసి అతికించడం కన్నా టీజర్‌కు విడిగా ఒక చిన్న సన్నివేశం రాసుకోవడం చాలాసార్లు మేలు. ఎందుకంటే మీ షార్ట్ ఫిల్మే పది నిమిషాలుంటే అందులోంచి నిమిషం తీసి చూపిస్తే కథ సగం బయటపడిపోతుంది. ఒక్కటే షరతు: టీజర్‌లోని భయం, సినిమాలోని భయం ఒకే జాతివి కావాలి.

పోస్టర్ కోసం వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 1920×1080, అంటే దాదాపు 20 లక్షల పిక్సెళ్లుంటాయి. ఏ3 సైజు పోస్టర్‌ను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ముద్రించాలంటే సుమారు 3508×4961, అంటే కోటీ 74 లక్షల పిక్సెళ్లు కావాలి. పైగా వీడియో అడ్డంగా ఉంటుంది, పోస్టర్ నిలువుగా ఉంటుంది. షూటింగ్ రోజునే అదే దుస్తులు, అదే మేకప్, అదే లైటింగ్‌తో నిలువుగా ఫొటోలు తీసి పెట్టుకోండి. టైటిల్ కోసం పైనో కిందో ఖాళీ వదలడం మరవకండి. షూట్ అయిపోయాక జుట్టు కత్తిరించుకున్న హీరోను మళ్లీ పిలిచి తీసే పోస్టర్ ఎప్పుడూ అతికినట్టు ఉండదు.

రక్తం, కత్తులతో బయట షూట్ చేయొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. ఆ చోటు చూసుకునేవాళ్లకు, చుట్టుపక్కల వాళ్లకు, అవసరమైతే పోలీసులకు ముందే చెప్పండి. షూటింగ్ జరుగుతోందని దూరం నుంచే కనబడేలా బోర్డు పెట్టండి. పదును లేని రబ్బరు లేదా ప్లాస్టిక్ కత్తులే వాడండి, షాటుకు షాటుకు మధ్య వాటిని సంచీలో పెట్టేయండి. రోడ్డు మీద వెళ్లే మనిషికి మీ కెమెరా కనబడదు, చేతిలో కత్తి, ఒంటి మీద రక్తం మాత్రమే కనబడతాయి. ఎంత మంచి షాట్ కోసమైనా ఒక ముసలాయన గుండె గుభేలుమనిపించడం తగదు.

## టీజర్ ఎడిటింగ్, సౌండ్

టీజర్ ఎంతసేపు ఉండాలి?

మీకిచ్చిన నియమాల్లో లెక్క ఉంటే అదే పాటించండి. లేకపోతే షార్ట్ ఫిల్మ్ టీజర్‌కు 45 నుంచి 60 సెకన్లు చాలు. పెద్ద సినిమాల పూర్తి ట్రైలర్లే మామూలుగా రెండున్నర నిమిషాలు దాటవు.

జంప్ స్కేర్లు ఎన్ని పెట్టాలి? ఎక్కడ?

జంప్ స్కేర్ అంటే అకస్మాత్తుగా ఉలిక్కిపడేలా చేసే క్షణం. నిమిషం టీజర్‌కు అలాంటిది ఒక్కటి. రెండోది పెడితే మొదటిదాని బలం తగ్గుతుంది, మూడోదానికి చూసేవాళ్లు ముందే చెవులు మూసుకుంటారు. జంప్ స్కేర్ పనిచేసేది పెద్ద శబ్దం వల్ల అనుకుంటారు గానీ, దాని ముందున్న నిశ్శబ్దం వల్లే అది పనిచేస్తుంది. ఆ ముందు ఒకటి రెండు సెకన్లు మ్యూజిక్‌తో పాటు గది శబ్దం కూడా తీసేయండి. లయను కూడా తప్పించాలి. మీ షాట్లన్నీ రెండేసి సెకన్లకు మారుతుంటే చూసేవాళ్ల మనసు ఆ తాళాన్ని పట్టేస్తుంది. భయం ఆ తాళం మీద పడితే వాళ్లు సిద్ధంగా ఉంటారు, కాస్త ముందో బాగా ఆలస్యంగానో పడితేనే ఉలిక్కిపడతారు.

టైటిల్ పడ్డాక చివర్లో ఒక్క మెరుపు పెట్టడం అందరూ చేసేదే. అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు దాన్ని తిప్పి కొట్టొచ్చు. టైటిల్ తర్వాత అయిదు సెకన్లు ఖాళీ గదిని మాత్రమే చూపించండి. ఏదో వస్తుందని వాళ్లు ఎదురుచూస్తారు, ఏదీ రాదు, టీజర్ ఐపోతుంది. గుబులు మీద నడిచే కథకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. హంతకుడి కథకు మాత్రం వద్దు, చూపించాల్సింది మీరు దాచుకున్నారని చూసేవాళ్లు అనుకుంటారు.

సినిమాల్లోని బీజీఎం (నేపథ్య సంగీతం) వాడితే ఏమవుతుంది?

యూట్యూబ్‌లో పెట్టగానే, వేరేవాళ్ల హక్కులున్న సంగీతాన్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పట్టుకోవచ్చు. అప్పుడు వీడియో ఆగిపోవచ్చు, సౌండ్ తీసేయాల్సి రావచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో ఇతరులు వాడుకోవడానికి చేసినవాళ్లే ఇచ్చే అనుమతి) ఉన్న సంగీతం వాడొచ్చు, కానీ ఆ లైసెన్స్ ఏ రకమో చదవాలి, పేరు వేయమంటే వేయాలి. నిజానికి హారర్‌కు సంగీతం సొంతంగా చేసుకోవడం తేలిక. గాజు గ్లాసు అంచు మీద తడివేలు తిప్పిన శబ్దం, గోరుతో గీకిన చెక్క, ఫ్యాన్ హోరు ఫోన్లో రికార్డు చేసి వేగం బాగా తగ్గించి వినండి. అలా పుట్టిన శబ్దం మీ సినిమాది మాత్రమే, దాని మీద వేరేవాళ్లకు హక్కు ఉండదు.

హెడ్‌ఫోన్‌లో అదిరిపోయింది, ఫోన్లో ఏమీ వినబడట్లేదు. ఎందుకు?

ఫోన్ స్పీకర్లు లోతైన బాస్‌ను సరిగా పలికించలేవు. మీరు పెట్టిన ఉరుములాంటి శబ్దం అక్కడ మాయమైపోయింది. దాని మీద మధ్యస్థాయి శబ్దం ఒకటి కలపండి, ఊపిరి, లోహం రాపిడి, గుసగుస లాంటివి. ఫైనల్ మిక్స్‌ను ఫోన్ స్పీకర్లో వినకుండా ఎక్స్‌పోర్ట్ చేయొద్దు. అసలు సౌండే లేకుండా చూసేవాళ్లు కూడా చాలామంది ఉంటారు కాబట్టి, ముఖ్యమైన ఒక్క మాటైనా తెర మీద అక్షరాల్లో ఉండాలి.

లైటు వెలిగి ఆరే ఎఫెక్ట్ చాలాసార్లు పెట్టాం. ఇబ్బందా?

ఇబ్బందే. వేగంగా మెరిసే వెలుతురు వల్ల కొందరికి మూర్ఛ రావచ్చు. వెబ్ ప్రమాణాలు ఒక సెకనులో మూడుకు మించి మెరుపులు వద్దంటాయి. ఆ లెక్కలోపే ఉంచండి, అయినా మొదట్లో హెచ్చరిక కార్డు వేయండి. ఇందులో బేరాలాడటానికి ఏమీ లేదు.

## పోస్టర్, మ్యాగజైన్ కవర్

ఎరుపు, నలుపు తప్ప వేరే రంగులు వాడకూడదా?

వాడొచ్చు. నాట్యశాస్త్రం భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, రౌద్రానికి ఎరుపు చెప్పింది. ఇది నాకు పోస్టర్లు చూసేటప్పుడు భలే ఉపయోగపడుతుంది. ఎరుపు అనగానే కోపం, దాడి గుర్తొస్తాయి కాబట్టి హంతకుడి కథకు అది సరిపోతుంది. ఇంట్లో ఏదో ఉందనే గుబులుకు నలుపూ, చల్లటి నీలమూ చాలు. ఏదైనా ఒక రంగును ప్రధానంగా తీసుకుని పోస్టర్‌లో, టీజర్ గ్రేడింగ్‌లో, కవర్‌లో అదే నడపండి. ప్రచారం మొత్తం ఒకే సినిమాదని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

రక్తం కారే ఫాంట్ బాగుంటుందా?

చాలాసార్లు బాగుండదు, పిల్లల పార్టీ కార్డులా కనబడుతుంది. పల్చటి మామూలు అక్షరాలను దూరం దూరంగా పేర్చి, ఒక్క అక్షరానికి మాత్రం ఏదో జరిగినట్టు చూపిస్తే ఎక్కువ గుబులు పుడుతుంది. తెలుగు టైటిల్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. గీతలు, చెరుగులు ఒత్తుల మీద, గుడుల మీద పడితే పదమే మారిపోతుంది. తలకట్టు దగ్గర, ఖాళీగా ఉన్న వంపుల దగ్గర చెరిపితే చదవడానికి వీలుగానే ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, అప్పుడు టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఉందేమో చూడండి. ఇంకొకటి, ‘పర్సనల్ యూజ్’ అని రాసి ఉన్న ఫాంట్‌ను బయట విడుదల చేసే పోస్టర్ మీద వాడొద్దు.

ట్యాగ్‌లైన్ ఎలా రాయాలి?

‘భయపడటానికి సిద్ధంగా ఉండండి’ లాంటివి ఏ హారర్ సినిమాకైనా అతుకుతాయి, అందుకే దేనికీ అతకవు. మీ కథలోని నియమాన్ని వాక్యంగా మార్చండి. తన గొంతుతోనే తనకు ఫోన్లు వచ్చే అమ్మాయి కథ అనుకోండి. ‘ఎత్తకు. అది నీ గొంతే.’ అంటే చాలు. చేయకూడని పని ఒకటి, దాని వెనక ఒక కారణం. కారణంలో సగం మాత్రమే చెప్పండి. రాశాక మీ సినిమా పేరు తీసేసి వేరే హారర్ పేరు పెట్టి చూడండి, అప్పటికీ నప్పితే మళ్లీ రాయండి.

మ్యాగజైన్ కవర్ కూడా పోస్టర్‌లాగే భయపెట్టాలా?

అక్కర్లేదు. కవర్‌కు ముందు పత్రిక పేరు, తర్వాతే మీ సినిమా. దాని మీద వేరే సినిమాల కబుర్లు, బార్‌కోడ్, తేదీ, ధర కూడా ఉంటాయి. పాత్ర ముఖం దగ్గరగా, సూటిగా చూస్తున్న ఫొటో ఒకటి, పోస్టర్ రంగు ఒకటి ఉంటే బంధం కుదిరిపోతుంది. పత్రిక పేరు మాత్రం సొంతంగా పెట్టుకోండి.

సెన్సార్ గుర్తు, అవార్డు గుర్తులు, ‘నిజంగా జరిగిన కథ’ అని వేయొచ్చా?

రాని సర్టిఫికెట్, రాని అవార్డు వేయకండి. క్లాసులో చూపించే నమూనా అయితే మీ టీచర్‌ను అడిగి, ఇది నమూనా అని పక్కన రాయండి. నిజంగా జరగని దాన్ని జరిగిందనడం కన్నా, ఒక పుకారు ఆధారంగా అల్లిన కథ అయితే అలాగే చెప్పండి, అదీ ఆసక్తిగానే ఉంటుంది.

## జనంలోకి వదిలేటప్పుడు

‘కనబడుటలేదు’ పోస్టర్లు అతికించి నిజమని నమ్మిస్తే వైరల్ అవుతుంది కదా?

ఈ ఆలోచన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ నుంచి వస్తుంది. 1999లో విడుదలైన ఆ సినిమాకు వెబ్‌సైట్‌లో, కరపత్రాల్లో కథలోని ముగ్గురు విద్యార్థులు నిజంగానే తప్పిపోయారన్నట్టు ప్రచారం చేశారు. నటీనటులు సొంత పేర్లతోనే నటించారు. చాలామంది నమ్మారు, ఒక నటి తల్లికి సానుభూతి కార్డులు కూడా వెళ్లాయి. అది ఇంటర్నెట్ కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో జరిగింది. ఇప్పుడు అదే చేస్తే రెండే జరుగుతాయి: ఎవరో వెతికి అబద్ధమని తేల్చేస్తారు, లేదా నిజంగా ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తారు. తమవాళ్లు నిజంగానే తప్పిపోయిన కుటుంబాలు కూడా ఆ పోస్టర్ చూస్తాయి. ఆ బాధను మన టీజర్‌కు వాడుకోవడం నాకు ఏ రకంగానూ సమ్మతం కాదు.

ఆ పద్ధతిలోని బలాన్ని మాత్రం తీసుకోవచ్చు. అది కథను సినిమా బయటికి పొడిగించడం. పాత్ర డైరీ పేజీలు, అసంపూర్తిగా ఆగిన వాయిస్ మెసేజ్, తగలబడిన ఫొటో అంచు, ఇలాంటివి సినిమా పేరుతో నడిచే పేజీలోనే వరసగా పెట్టండి. అది కల్పన అని తెలిసినా జనం ఆడుకుంటారు.

ఏది ముందు పోస్ట్ చేయాలి?

టైటిల్ లేని ఒక్క వస్తువు ఫొటోతో మొదలుపెట్టండి, తర్వాత పోస్టర్, ఆ తర్వాత టీజర్, చివరగా ప్రదర్శన తేదీ. ఫోన్లో నిలువుగా చూసేవాళ్ల కోసం 9:16లో విడిగా ఎడిట్ చేయండి. అడ్డం వీడియోను కోస్తే దెయ్యం ఫ్రేము బయటికి పోతుంది.

స్నేహితులు భయపడుతున్న వీడియో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, మంచి దారే. సుమారు 15 వేల డాలర్లతో తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ 2009లో పెద్ద ఎత్తున విడుదలైనప్పుడు, దాని ట్రైలర్‌లో చీకటి థియేటర్లో ఉలిక్కిపడుతున్న ప్రేక్షకులనే చూపించారు. మీ వీడియోలో కనబడేవాళ్ల అనుమతి తీసుకోండి, నటించమని అడగకండి. నిజంగా భయపడ్డ మనిషి ఎక్కువసార్లు అరవడు, బిగుసుకుపోతాడు. ఆ బిగుసుకున్న ముఖమే వాడండి.

## ఫీడ్‌బ్యాక్, రిపోర్టు

వందసార్లు చూశాక మాకే భయం వేయడం లేదు. మార్చేయాలా?

మీ భయం మీద ఆధారపడి ఏదీ మార్చకండి. ఏ షాట్ ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లు ఇక దానికి జడ్జీలు కాలేరు. కథ తెలియని మనిషిని పిలిచి, పక్కన కూర్చుని తెరను కాకుండా ఆ మనిషిని చూడండి. ఎక్కడ కదలడం ఆపేశారో, ఎక్కడ ఫోన్ తీశారో రాసుకోండి.

అందరూ ‘సూపర్’ అంటున్నారు. పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ ఎలా రాబట్టాలి?

‘ఎలా ఉంది?’ అని అడిగితే మర్యాదే జవాబుగా వస్తుంది. ఇలా అడగండి: ఈ కథలో ఏం జరుగుతుందనుకుంటున్నావు? ఎవరికి ప్రమాదం? పోస్టర్, టీజర్ ఒకే సినిమావేనా? రేపు నీకు గుర్తుండే బొమ్మ ఏది? హారర్ ఇష్టపడేవాళ్లనూ, అసలు చూడనివాళ్లనూ ఇద్దరినీ అడగండి. మొదటివాళ్లు రొటీన్ ఎక్కడో పట్టుకుంటారు, రెండోవాళ్లు అర్థంకానిది ఎక్కడో చెబుతారు.

రిపోర్టులో జానర్ గురించి ఏం రాయాలి?

‘లో-కీ లైటింగ్ (నీడలు ఎక్కువగా ఉండే వెలుతురు) వాడాం, అది హారర్ పద్ధతి’ అని ఆగిపోతే అది జాబితా మాత్రమే. ఏ షాట్‌లో, ఎందుకు, చూసినవాళ్లలో ఏం కలిగిందో మూడూ చెప్పండి. మీరు మార్చిన పద్ధతి ఏదో, దాన్ని ఎందుకు మార్చారో విడిగా ఒక పేరా రాయండి. వదిలేసిన పోస్టర్ డిజైన్లు, పాత ఎడిట్ల స్క్రీన్‌షాట్లు మొదటి రోజు నుంచే తేదీలతో దాచి ఉంచండి. చివర్లో గుర్తుతెచ్చుకుని రాస్తే అన్నీ ముందే అనుకుని చేసినట్టు అబద్ధంగా వస్తుంది, చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.